గణాంక విశ్లేషణకు ఉచిత సాఫ్ట్‌వేర్: ఆర్, జమోవి, జాస్ప్, పీఎస్‌పీపీ, గ్రెటల్, పైథాన్‌లపై నెల్లూరు నుంచి ఒక సమీక్ష

నెల్లూరు, ఒంగోలు పరిసరాల్లో గణాంక విశ్లేషణ అవసరమయ్యేవారు పైకి కనిపించేదానికంటే ఎక్కువమందే ఉన్నారు. వరి వంగడాల మీద క్షేత్ర ప్రయోగాలు చేసే వ్యవసాయ విద్యార్థులు, ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువుతూ రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునేవారు, ప్రశ్నావళి కాగితాలు పట్టుకుని ట్రంకు రోడ్డు దుకాణాల వెంట తిరిగే ఎంబీఏ, ఎంకాం విద్యార్థులు, పొగాకు వేలం ధరల మీద పరిశోధన వ్యాసం రాసే అర్థశాస్త్ర విద్యార్థులు, వీళ్ళందరికీ చదువు పూర్తయ్యేలోగా ఒక్కసారైనా ఈ పని తగులుతుంది. వీళ్ళలో చాలామంది చివరికి చేరేది థీసిస్ టైపు చేసి బైండింగ్ చేసిచ్చే సెంటరుకే. అక్కడ ఎక్సెల్ ఫైలు ఇచ్చి వస్తే కొద్దిరోజుల్లో పట్టికలు, గ్రాఫులు చేతికి అందుతాయి. అవి ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఏ ఆప్షన్లు పెడితే వచ్చాయో మాత్రం ఇచ్చినవారూ చెప్పరు, తీసుకున్నవారూ అడగరు. వాడింది చాలాసార్లు లైసెన్సు లేని ఎస్‌పీఎస్‌ఎస్ (డబ్బు పెట్టి కొనవలసిన గణాంక సాఫ్ట్‌వేర్) కాపీ అయి ఉంటుంది. వైవాలో పరీక్షకులు ‘ఈ ఎఫ్ విలువ ఎలా వచ్చింది?’ అని అడిగితే నీళ్ళు నమలడం తప్ప గత్యంతరం ఉండదు.

అందుచేత ఈ సమీక్షలో ధర గురించి పెద్దగా మాట్లాడను. ఇక్కడ చెప్పబోయే ప్రధానమైన సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే, సోర్సు కోడ్ బహిరంగంగా ఉన్నవే. ఆర్, గ్రెటల్, పీఎస్‌పీపీ జీపీఎల్ లైసెన్సు (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకునే హక్కునిచ్చేది) కింద, జమోవి, జాస్ప్ దాని తోబుట్టువైన ఏజీపీఎల్ కింద వస్తాయి. నేను పెట్టుకున్న గీటురాయి వేరు. పట్టికలో కనిపించే అంకె ఏ దారిన వచ్చిందో, ఫైలును ఆరు నెలల తరువాత తెరిచినా, ఆ సాఫ్ట్‌వేర్ చూపగలదా? గైడు తన కంప్యూటర్‌లో కూర్చుని అదే లెక్కను మళ్ళీ రాబట్టగలరా? వరి ప్రయోగం, చెరువుల డేటా, ఒక ప్రశ్నావళి సర్వే, ఈ మూడు రకాల ఫైళ్ళను వీటన్నిటిలో నడిపి చూసిన మీదట, ఈ రెండు ప్రశ్నలకు దొరికిన జవాబులను బట్టే ఒక్కోదానికి మార్కులు వేస్తున్నాను.

ముందుగా ఆర్. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో దీన్ని ప్రారంభించారు. అంతకు చాలాముందే బెల్ ల్యాబ్స్‌లో జాన్ చేంబర్స్ బృందం తయారుచేసిన ఎస్ అనే భాష దీనికి మాతృక. 1995లో జీపీఎల్ లైసెన్సు కిందికి వచ్చింది, 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. గణాంక శాస్త్రజ్ఞులు తమ అవసరం కోసం తాము చేసుకున్న పనిముట్టు కావడం వల్ల ఇందులో కొత్త పద్ధతులకు కొదవ ఉండదు. క్రాన్ అనే భాండాగారంలో ఇరవై వేలకు మించి ప్యాకేజీలు (ఆర్‌కు తగిలించుకునే అదనపు పనిముట్లు) ఉన్నాయి. అదే కారణం చేత కొత్తవారి మీద దయ కూడా తక్కువే. తెరవగానే ‘దీనికి ఎలాంటి వారంటీ లేదు’ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో చెప్పి, ఒక ఖాళీ గీత ముందు కూర్చోబెడుతుంది. మెనూలో అనోవా (సమూహాల సగటుల మధ్య తేడాలను ఎఫ్ విలువతో పరీక్షించే పద్ధతి) ఎక్కడుందో వెతికేవారికి అక్కడ ఏమీ దొరకదు. ఆర్ స్టూడియో అనే ముఖద్వారం తోడైతే కొంత నయం. దాన్ని తయారుచేసే సంస్థ 2022లో పోజిట్ అని పేరు మార్చుకుంది కానీ, ప్రోగ్రాం పేరు ఆర్ స్టూడియోగానే ఉంది. అందులో పైన స్క్రిప్టు, కింద ఫలితం, పక్కన గ్రాఫు ఒకేసారి కనబడతాయి.

ఆర్‌తో మన ప్రాంతపు డేటాకు వచ్చే మొదటి చిక్కు వరి వంగడాల పేర్ల దగ్గరే ఉంది. నెల్లూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వంగడాలను రైతులూ విద్యార్థులూ అంకెలతోనే పిలుస్తారు. నెల్లూరు మసూరిని 34449 అంటారు, ఇంకొకటి 33892, మరొకటి 145. వంగడం కాలమ్‌లో ఈ అంకెలనే టైపు చేసి ఆర్‌కు ఇస్తే, అది వాటిని పేర్లుగా కాక సంఖ్యలుగా చదువుకుంటుంది. నాలుగు వంగడాలు, నాలుగు రెప్లికేషన్లు (పునరావృతాలు) ఉన్న ప్రయోగంలో వంగడాలకు 3 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల విలువల సంఖ్య, ఇక్కడ వంగడాల సంఖ్యకు ఒకటి తక్కువ) రావలసిన చోట 1 వస్తుంది. అంటే వంగడం నంబరు 145 నుంచి 34449కి పెరిగేకొద్దీ దిగుబడి ఎంత పెరుగుతుందో అది సరళరేఖ గీసి చెబుతోందన్న మాట! ఎర్రర్ ఏమీ చూపదు, పట్టిక చక్కగా వస్తుంది, పి విలువ (అసలు తేడా లేకున్నా ఇంత తేడా కనబడే సంభావ్యత) కూడా ఉంటుంది. ఆ కాలమ్‌ను ఫ్యాక్టర్‌గా, అంటే వర్గాల పేర్లుగా, మార్చే ఒక్క వరుస రాస్తే సమస్య తీరిపోతుంది. మన విద్యార్థులకు ఆర్ నేర్పేవారు మొదటి రోజు చెప్పవలసిన పాఠం ఇదేనని నా అభిప్రాయం. అనోవా పట్టిక రాగానే ముందు చూడవలసింది పి విలువను కాదు, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ కాలమ్‌ను.

రెండో విషయం కొలతల మార్పిడి. ఇక్కడ రైతు దిగుబడిని పుట్లలో చెబుతాడు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. థీసిస్‌లో మాత్రం హెక్టారుకు కిలోల్లో రాయాలి. ఎకరాకు నాలుగు పుట్లంటే 3,400 కిలోలు, హెక్టారుకు దాదాపు 8,400 కిలోలు. ఎక్సెల్‌లో ఈ మార్పిడి చేసేటప్పుడు సూత్రాన్ని కిందికి లాగుతూ మధ్యలో రెండు గళ్ళు తప్పిపోయినా కంటికి కనబడదు, గైడు చేతికి వెళ్ళేది మారిన అంకెలు మాత్రమే. ఆర్ స్క్రిప్టులో అదే పని ఒక వరుస: దిగుబడిని 850తో, ఆపైన 2.471తో గుణించడం. ఆ వరుసను ఎవరైనా చదవవచ్చు, తప్పుంటే ఎత్తిచూపవచ్చు, సరిదిద్ది మొత్తం విశ్లేషణను మళ్ళీ నడిపించవచ్చు. మూల డేటా ఫైలు మీద చెయ్యి పడదు. ఎన్ని ఇబ్బందులున్నా నేను ఆర్‌కు మొదటి స్థానం ఇవ్వడానికి ప్రధాన కారణం ఇదే.

వ్యవసాయ విద్యార్థులకు ఆర్ మీద ఉండే ఫిర్యాదు ఒకటుంది, అది న్యాయమైనదే. మన దేశపు వ్యవసాయ థీసిస్‌లలో ప్రతి పట్టిక కిందా ఎస్‌ఈఎమ్ (సగటుకు ప్రామాణిక దోషం), 5 శాతం వద్ద సీడీ (రెండు సగటుల తేడాను నిజమైనదిగా ఒప్పుకోవడానికి ఉండవలసిన కనీస తేడా), సీవీ శాతం (సగటులో విచలనం ఎంత శాతమో) ఉండి తీరాలి. ఆర్ ఇచ్చే మామూలు అనోవా పట్టికలో ఈ మూడూ కనబడవు. ఎర్రర్ మీన్ స్క్వేర్ (ప్రయోగంలో మిగిలిపోయిన, కారణం తెలియని తేడాల కొలత) 0.04 అనుకుంటే, నాలుగు రెప్లికేషన్ల ప్రయోగంలో ఎస్‌ఈఎమ్ 0.04ను 4తో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే 0.10, రెండు సగటుల తేడాకు ప్రామాణిక దోషం 0.1414, దాన్ని 9 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు చెందిన టి విలువ 2.262తో గుణిస్తే సీడీ 0.32. చేతితో చేసుకోగలిగిన లెక్కే, కానీ పది పట్టికలకు పదిసార్లు చేయడం విసుగు. ఫెలిపె డి మెండిబురు రాసిన అగ్రికొలే అనే ప్యాకేజీ ఈ లోటు తీరుస్తుంది. సగటులను జతలుగా పోల్చే ఎల్‌ఎస్‌డీ, డంకన్, ట్యూకీ పరీక్షలు చేసి, సగటుల పక్కన ఏ, ఏబీ, బీ అంటూ అక్షరాలు కూడా వేసి ఇస్తుంది. పెద్ద మళ్ళను చిన్న మళ్ళుగా విడగొట్టే స్ప్లిట్ ప్లాట్ ప్రయోగాలకూ అందులో ఏర్పాటు ఉంది. ప్రయోగం మొదలుపెట్టక ముందే మళ్ళకు వంగడాలను యాదృచ్ఛికంగా కేటాయించే ఫంక్షన్లు ఉండటం దీనిలోని మరో మంచి గుణం. చీట్లు వేసి కేటాయించామని థీసిస్‌లో రాసుకోవడం కన్నా, సీడ్ నంబరుతో (అదే యాదృచ్ఛిక వరుసను మళ్ళీ రప్పించే సంఖ్యతో) సహా ఆ వరుసను అనుబంధంలో పెట్టడం ఎంతో గౌరవంగా ఉంటుంది.

ఈ సీడీ అవసరం వల్లనే చాలామంది హిస్సార్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఓపీస్టాట్ వైపు వెళ్తారు. వెబ్‌సైట్‌లో అంకెలు అతికిస్తే సిద్ధంగా ఉన్న పట్టిక ఇస్తుంది, వేగంగా పని అవుతుంది, కానీ వాడేవారికి లోపలి కోడ్ కనబడదు కనుక ఈ సమీక్షలో దానికి చోటు లేదు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి గ్రేప్స్ మాత్రం ఆర్ మీదే కట్టినది, దాని ప్యాకేజీ క్రాన్‌లోనూ దొరుకుతుంది. మెనూలు కావాలి, సీడీ కావాలి, వెనుక ఆర్ ఉండాలి అనేవారు దాన్ని ఒకసారి చూడటం మంచిది.

రొయ్యల చెరువుల డేటా దగ్గర ఆర్ బలం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక చెరువులో విసురు వల వేసి వంద రొయ్యలను తూచినంత మాత్రాన వంద స్వతంత్ర పరిశీలనలు వచ్చినట్లు కాదు. అవన్నీ ఒకే నీటిలో, ఒకే మేత మీద పెరిగినవి. అదే చెరువును వారం వారం తూచినప్పుడు ఆ వారాలు కూడా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. దీన్ని పట్టించుకోకుండా మామూలు టి పరీక్ష చేస్తే, ఆరు చెరువుల ప్రయోగం ఆరు వందల రొయ్యల ప్రయోగంలా కనిపించి, లేని తేడా కూడా ఉన్నట్లు తేలుతుంది. ఇలాంటి ముడిని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్‌లో చెరువును ర్యాండమ్ ప్రభావంగా (యాదృచ్ఛికంగా మారే అంశంగా) పెట్టాలి. ఆర్‌లో అందుకు ఎల్‌ఎంఈ4 ప్యాకేజీ ఉంది. ఇది పి విలువలు ఇవ్వదు. ఇలాంటి మోడళ్ళలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను నిర్ణయించడం తేలిక కాదని దాని రచయితల్లో ఒకరైన డగ్లస్ బేట్స్ ఉద్దేశపూర్వకంగానే వాటిని వదిలేశారు. పి విలువ లేని పట్టికను మన గైడ్లు ఒప్పుకోవడం కష్టం కనుక, చాలామంది ఎల్‌ఎంఈఆర్‌టెస్ట్ అనే మరో ప్యాకేజీని తోడు పెట్టుకుంటారు. తప్పులేదు, కానీ ఆ విలువ ఉజ్జాయింపు అన్న సంగతి గుర్తుండాలి.

తెలుగులో డేటా రాసుకునేవారికి ఒక మాట. విండోస్‌లో పాత ఆర్ వెర్షన్లకు తెలుగు అక్షరాలు సరిగా ఎక్కేవి కావు. ‘నెల్లూరు’ అని ఉండవలసిన చోట యూ ప్లస్ 0సీ28 అంటూ యూనికోడ్ సంకేతాల వరుస కనిపించేది. 2022లో వచ్చిన 4.2.0 వెర్షన్ నుంచి, కొత్త విండోస్ 10, ఆపై వాటిలో ఈ బాధ తీరింది. గ్రామాల పేర్లు, మండలాల పేర్లు తెలుగులోనే ఉంచుకోవచ్చు. గ్రాఫుల్లో ఇంకా కొంత ఇబ్బంది ఉంది. ఆర్‌లో మామూలుగా పీడీఎఫ్ తీస్తే తెలుగు అక్షరాల స్థానంలో చుక్కలు వస్తాయి. ర్యాగ్ అనే ప్యాకేజీ ద్వారా బొమ్మగా తీస్తే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. పంటకాలం కాలమ్‌లో ‘ఎడగారు’, ‘రబీ’ అని తెలుగులో రాసి రిగ్రెషన్ (ఒక అంశం మిగతావాటి మీద ఎలా ఆధారపడిందో చూపే లెక్క) నడిపితే, అక్షరక్రమంలో ముందు వచ్చే ఎడగారునే ఆర్ ప్రమాణంగా తీసుకుని రబీని దానితో పోల్చి చూపుతుందని కూడా గమనించాలి. ఇక్కడ ప్రధానమైన పంట రబీ కనుక, ప్రమాణాన్ని మార్చుకోవడం చదివేవారికి సుఖం.

జమోవి పూర్తిగా వేరే స్వభావం కలది. జాస్ప్ బృందంలో పనిచేసిన కొందరు బయటికి వచ్చి 2017 ప్రాంతంలో దీన్ని తెచ్చారు. లోపల పనిచేసేది ఆరే, కానీ పైన ఎస్‌పీఎస్‌ఎస్ అలవాటున్నవారు వెంటనే గుర్తుపట్టే మెనూలు. ఎడమవైపు ఆప్షన్లు మారుస్తుంటే కుడివైపు పట్టిక అప్పటికప్పుడే మారుతుంది. డేటాలో ఒక అంకె దిద్దితే దాని మీద ఆధారపడిన ఫలితాలన్నీ తిరిగి లెక్కకు వస్తాయి. ఫైలును దాచినప్పుడు డేటా, ఆప్షన్లు, ఫలితాలు మూడూ ఒకేచోట ఉంటాయి కనుక, గైడు దాన్ని తెరిచి ఏ గడిలో టిక్కు పెట్టారో చూసుకోవచ్చు. సింటాక్స్ మోడ్ అనే ఆప్షన్ పెడితే ప్రతి పట్టిక పైనా దానికి సంబంధించిన ఆర్ కోడ్ కనబడుతుంది. ఆర్ నేర్చుకోవాలని ఉండీ భయపడేవారికి ఇంతకంటే మంచి తరగతి గది నాకు తెలియదు.

కంప్యూటెడ్ వేరియబుల్ అనే సౌకర్యం గురించి కూడా చెప్పాలి. మన దగ్గర రొయ్యను గ్రాముల్లో కాక కౌంట్‌లో చెప్పడం ఆనవాయితీ, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది. 20 గ్రాముల రొయ్య 50 కౌంట్, 10 గ్రాములది 100 కౌంట్. ఈ రెండు చెరువుల కౌంట్‌ల సగటు 75. కానీ బరువుల సగటు 15 గ్రాములు, దాని కౌంట్ 67 లోపే. ఏది సగటు తీసి ఏది మార్చారన్నది ఫలితాన్ని మారుస్తుంది. జమోవిలో ఆ కాలమ్ మీద నొక్కితే వాడిన సూత్రం పైన కనబడుతుంది కాబట్టి, విద్యార్థి కౌంట్‌ల సగటు తీశాడా, బరువుల సగటు తీశాడా అన్నది దాగదు.

లోపాలూ ఉన్నాయి. వరి ప్రయోగాన్ని అనోవాలోకి తీసుకెళ్ళి రెప్లికేషన్, వంగడం రెండింటినీ ఫిక్స్‌డ్ ఫ్యాక్టర్లుగా పెడితే, జమోవి తనంతట తానే వాటి ఇంటరాక్షన్‌ను (ఒకదాని ప్రభావం మరొకదాన్ని బట్టి మారడాన్ని) కూడా మోడల్‌లో చేరుస్తుంది. ఒక్కో గడికి ఒక్కటే పరిశీలన ఉన్న ఈ ప్రయోగంలో ఇంటరాక్షన్ ఉంటే ఎర్రర్‌కు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ సున్నా అవుతుంది, ఎఫ్ విలువ రానే రాదు. మోడల్ అనే విభాగాన్ని తెరిచి ఆ పదాన్ని తీసేస్తే పట్టిక సరిగా వస్తుంది, ఆర్‌లో వచ్చిన అంకెలతో చివరి దశాంశం దాకా సరిపోతుంది. స్ప్లిట్ ప్లాట్, మిక్స్‌డ్ మోడళ్ళకు గామ్ల్‌జే అనే మాడ్యూల్‌ను విడిగా దించుకోవాలి. సీడీ ఇక్కడా కనబడదు.

జాస్ప్ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది, పేరులో బేయీసియన్ గణాంకాలకు మార్గదర్శకుడైన హెరాల్డ్ జెఫ్రీస్ స్మృతి ఉంది. పేరుకు తగ్గట్టే బేయీసియన్ పద్ధతుల్లో దీనికి సాటి వచ్చేది ఈ వరుసలో లేదు. ప్రతి పరీక్షకూ బేస్ ఫ్యాక్టర్ (ఒక ఊహకన్నా మరో ఊహను డేటా ఎన్ని రెట్లు బలపరుస్తుందో చెప్పే అంకె) ఒక్క నొక్కుతో వస్తుంది. మనస్తత్వ శాస్త్రం, విద్యాశాస్త్రం వారికి బాగా నప్పుతుంది. ఇన్‌స్టాలర్ ఆర్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాబు యంత్రాల మీద తెరుచుకోవడానికే తీరిక కావాలి. మన జిల్లాల్లో పరీక్షకులు బేస్ ఫ్యాక్టర్ అడిగే రోజు వచ్చేదాకా జమోవితో సరిపెట్టుకోవచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే జవాబు ఇస్తాయా అని చాలామంది అడుగుతారు. ప్రయోగం సమతూకంగా ఉన్నంతవరకు ఇస్తాయి. సమతూకం తప్పిన చోటే కథ మారుతుంది. రెండు స్టాకింగ్ సాంద్రతలు, రెండు మేతలతో చెరువుల ప్రయోగం పెట్టారనుకుందాం. మధ్యలో వైట్ స్పాట్ (రొయ్యలకు వచ్చే వైరస్ వ్యాధి) వచ్చి ఒక చెరువును ముందే పట్టేయవలసి వచ్చింది. ఇప్పుడు గడుల్లో చెరువుల సంఖ్య సమానం కాదు. ఆర్‌లోని ఏఓవీ ఫంక్షన్ మొదటి రకం వర్గాల మొత్తాన్ని (టైప్ 1 సమ్ ఆఫ్ స్క్వేర్స్) వాడుతుంది, అంటే సూత్రంలో ముందు రాసిన ఫ్యాక్టర్‌కు ముందు వాటా. సాంద్రతను ముందు రాస్తే ఒక ఎఫ్ విలువ, మేతను ముందు రాస్తే మరొకటి. జమోవి, జాస్ప్, ఎస్‌పీఎస్‌ఎస్ మాత్రం మూడో రకాన్ని వాడతాయి; వాటిలో వరుసతో పని లేదు. అదే డేటా ఒకచోట 5 శాతం గీతకు ఇటు, ఇంకోచోట అటు పడవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ తప్పు చేయడం లేదు, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నాయి. ఆర్‌లోనే మూడో రకం కావాలంటే కార్ అనే ప్యాకేజీ ఉంది, కానీ కాంట్రాస్టులను (వర్గాలను లెక్క కోసం అంకెలుగా మార్చే తీరును) ముందుగా సమ్ పద్ధతికి మార్చాలి. మార్చకపోతే ఇంటరాక్షన్ ఉన్న మోడల్‌లో మూడో రకం అంకెలకు అర్థం ఉండదు. జమోవి ఆ ఏర్పాటును తానే చేసుకుంటుంది. ఇలాంటి చోట మెనూల సాఫ్ట్‌వేర్‌కు ఒక మార్కు ఎక్కువ ఇవ్వక తప్పదు.

పీఎస్‌పీపీ గ్నూ ప్రాజెక్టు వారిది, ఎస్‌పీఎస్‌ఎస్‌కు ప్రత్యామ్నాయం కావాలనే ఏకైక లక్ష్యంతో వచ్చింది. సెంటరు వారు ఇచ్చిన సావ్ ఫైలు (ఎస్‌పీఎస్‌ఎస్ డేటా ఫైలు) ఇందులో నేరుగా తెరుచుకుంటుంది, ఎస్‌పీఎస్‌ఎస్ సింటాక్స్ చాలావరకు నడుస్తుంది. ప్రశ్నావళి సర్వేకు కావలసిన ఫ్రీక్వెన్సీ పట్టికలు, క్రాస్ ట్యాబ్‌లు, కై స్క్వేర్, క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల పొందికను కొలిచేది), ఫ్యాక్టర్ విశ్లేషణ అన్నీ ఉన్నాయి. తేలికైనది, పాత యంత్రం మీద కూడా పరుగెత్తుతుంది. గ్రాఫులు మాత్రం చూపించుకునేలా ఉండవు, క్లిష్టమైన అనోవా, మిక్స్‌డ్ మోడళ్ళ దాకా వస్తే చేతులెత్తేస్తుంది. ఎంబీఏ ప్రాజెక్టుకు చాలు.

గ్రెటల్‌కు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలిన్ కాట్రెల్, ఇటలీలోని అంకోనాకు చెందిన రికార్డో లుక్కెట్టి దీనికి ప్రధాన రచయితలు. అర్థశాస్త్రం వారికి కావలసినవన్నీ మెనూలోనే ఉన్నాయి: డికీ ఫుల్లర్ పరీక్ష, అరిమా, ప్యానెల్ డేటా, ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్. ప్రకాశం జిల్లా పొగాకు ధరల వంటి శ్రేణిని ఇందులోకి తెచ్చినప్పుడు, మొదటే ఇది నెలవారీయా, వారానిదా, రోజుదా అని అడుగుతుంది. వేలం ఏడాది పొడవునా జరగదు కనుక శ్రేణిలో ఖాళీలు వస్తాయి, వాటిని ఏం చేయాలన్న నిర్ణయం మనకు అక్కడే ఎదురవుతుంది. ఎక్సెల్‌లో అయితే ఖాళీ గళ్ళను పైకి జరిపి అతికించేసి, మార్చిని ముందటి సంవత్సరం జూలై పక్కన కూర్చోబెట్టేవారు. ఇది నాకు నచ్చడానికి మరో ముఖ్యమైన కారణం కమాండ్ లాగ్. మెనూలో నొక్కిన ప్రతిదీ హాన్సల్ అనే దాని స్వంత భాషలో ఒక చిట్టాగా నమోదవుతుంది. ఆ చిట్టాను దాచుకుంటే విశ్లేషణ మొత్తం తిరిగి నడుస్తుంది. నేను పెట్టుకున్న గీటురాయికి ఆర్ తరువాత ఇంత బాగా నిలిచింది ఇదొక్కటే. గ్రాఫులు సాదాగా ఉంటాయి, వ్యవసాయ ప్రయోగాల రూపకల్పనకు ఇది పనికిరాదు.

పైథాన్ గురించి అడగనివారుండరు, ఎందుకంటే నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇంజినీరింగ్ కళాశాలల పిల్లలకు అది అప్పటికే వచ్చు. 2008లో వెస్ మెకిన్నీ మొదలుపెట్టిన పాండాస్ లైబ్రరీ, చెత్తగా ఉన్న డేటాను శుభ్రం చేయడంలో అద్భుతమైనది. మండలాలవారీ వర్షపాతం ఫైళ్ళు ఏడాదికొక రూపంలో ఉన్నప్పుడు, వాటన్నిటినీ కలిపి ఒక తీరుకు తేవాలంటే నేనైనా దాని దగ్గరికే వెళ్తాను. మెషీన్ లెర్నింగ్‌కు సైకిట్ లెర్న్ ఉండనే ఉంది. కానీ థీసిస్‌కు కావలసిన సంప్రదాయ గణాంక పరీక్షల విషయంలో పైథాన్ లైబ్రరీలు ఒకే మాట మీద ఉండవు. ఐదు మళ్ళ దిగుబడి ఎకరాకు 3.2, 3.6, 3.4, 4.0, 3.8 పుట్లు అనుకోండి. నంపై లైబ్రరీలోని ఎస్‌టీడీ ఫంక్షన్‌ను అడిగితే ప్రామాణిక విచలనం 0.28 అంటుంది, అదే పేరున్న పాండాస్ ఫంక్షన్ 0.32 అంటుంది. మొదటిది 5తో భాగిస్తుంది, రెండోది 4తో. ఆర్ కూడా 0.32 అనే చెబుతుంది. నమూనా చిన్నదైన కొద్దీ ఈ తేడా పెద్దది, మన ప్రయోగాలన్నీ చిన్న నమూనాలే. పైథాన్ వాడేవారు కోడ్, ఫలితాలు ఒకేచోట ఉంచుకునే జూపిటర్ నోట్‌బుక్‌లో గళ్ళను ఇష్టమొచ్చిన వరుసలో నడిపే వీలుండటం వల్ల, కంటికి కనబడే వరుస ఒకటి, అసలు నడిచిన వరుస ఇంకొకటి కావచ్చు. గైడుకు ఇచ్చే ముందు కెర్నల్‌ను (కోడ్‌ను నడిపే భాగాన్ని) రీస్టార్ట్ చేసి పైనుంచి కిందికి ఒకసారి నడిపితే ఆ అనుమానం తీరుతుంది.

ఎవరికి ఏది అంటే, ప్రశ్నావళి సర్వే చేసేవారు జమోవితో మొదలుపెట్టాలి, యంత్రం మరీ పాతదైతే పీఎస్‌పీపీ. ధరలు, కాలశ్రేణులు పట్టుకున్నవారికి గ్రెటల్. పైథాన్ ఇప్పటికే వచ్చినవారు డేటాను అందులో శుభ్రం చేసుకుని, పరీక్షలను ఆర్‌లో చేయడం ఉత్తమం. క్షేత్ర ప్రయోగాలు, చెరువుల ప్రయోగాలు చేసే పరిశోధక విద్యార్థులు మాత్రం, మొదట్లో ఎంత బాధగా ఉన్నా ఆర్ నేర్చుకోవడమే మంచిది. ఎర్రర్ సందేశాలు ఇంగ్లీషులో, అదీ ముక్తసరిగా ఉంటాయి. ‘ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్’ అన్నది నూటికి తొంభై సార్లు స్పెల్లింగు తప్పో, పెద్దక్షరం చిన్నక్షరం తేడానో అయి ఉంటుంది. తెలుగులో పాఠాలు ఇంకా చాలా పలుచగా ఉన్నాయి. ఐఐటీ బొంబాయి వారి ఫాసీ ప్రాజెక్టు ఆర్ వాడకాన్ని ప్రోత్సహిస్తోంది, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో కోర్సులు ఉన్నాయి. తరగతిలో పక్కన కూర్చుని చెప్పేవారు దొరికితే మాత్రం దానికి మించినది లేదు.

కళాశాల ల్యాబుల్లో పెట్టించేవారికి కొన్ని ఆచరణ విషయాలు. ఆర్ ఇన్‌స్టాలర్ వంద ఎంబీ లోపే ఉంటుంది, దాన్ని పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళి ప్రతి యంత్రంలో వేయవచ్చు. ప్యాకేజీల దగ్గరే నెట్ అవసరం. అగ్రికొలే ఒక్కటి అడిగినా దాని వెంట మరికొన్ని ప్యాకేజీలు దిగాలి, టైడీవర్స్ (డేటా పనులకు వాడే ప్యాకేజీల సమూహం) అడిగితే పెద్ద బలగమే దిగుతుంది. నెట్ సరిగా రాని మండల కేంద్రపు కళాశాలల్లో, మంచి కనెక్షన్ ఉన్న ఒక యంత్రంలో అన్నీ దించి, ఆ లైబ్రరీ ఫోల్డర్‌ను అదే ఆర్ వెర్షన్, అదే విండోస్ ఉన్న మిగతా యంత్రాల్లోకి కాపీ చేసుకోవడం తేలికైన మార్గం. వెర్షన్లు కలవకపోతే మాత్రం ఇది పనిచేయదు. పైగా వెర్షన్ మారితే ఫలితమూ మారే సందర్భాలున్నాయి. 2019లో వచ్చిన 3.6.0లో యాదృచ్ఛిక నమూనా తీసే పద్ధతి మారింది, కాబట్టి అంతకుముందు అదే సీడ్‌తో కేటాయించిన మళ్ళ వరుస ఇప్పుడు అలాగే రాదు. 2020లో వచ్చిన 4.0.0లో అక్షరాల కాలమ్‌లు వాటంతటవే ఫ్యాక్టర్లు కావడం ఆగిపోయింది, పాత నోట్సు చూసి రాసిన స్క్రిప్టులు అక్కడ తడబడతాయి. అందువల్ల విద్యాసంవత్సరం మొదట్లోనే ల్యాబంతటా ఒకే వెర్షన్ వేసి, థీసిస్‌లు సమర్పించేదాకా దాన్ని కదపకుండా ఉంచాలి. విద్యార్థి మాత్రం సెషన్‌ఇన్ఫో అనే ఫంక్షన్ ఇచ్చే వెర్షన్ల జాబితాను స్క్రిప్టుతో పాటు అనుబంధంలో జతచేయాలి. దానికి పట్టేది అర పేజీ.